నూటపదహారు వరహాల బరువు

నిదురకోట ఆటను తయారుచేసిన నలభైమందిలో ఒక్కరికైనా వరహా బరువెంతో రాయాలన్న ఆలోచన రాలేదు. కోటకు ఏడు వాకిళ్ళు రాశారు. చుట్టూ నది, నదిమీద లేత పసుపు ఎండ, ఒడ్డున సంత, సంతలో అమ్మే గుర్రాల మెడల్లో ఒక్కో గంటకు ఒక్కో మోత, అన్నీ ఓపిగ్గా రాశారు. ఆడేవాళ్ళు నుదుటికి వెడల్పాటి పట్టీ కట్టుకుని పడుకుంటే చాలు, కన్నంటుకున్న పావుగంటకు ఆ నది ఒడ్డున లేస్తారు. లేవగానే పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. మెలకువగా ఉన్నప్పుడు అసలు డబ్బు పెట్టి ఎన్ని వరహాలు కొనుక్కున్నారో అన్నీ అందులో ఉంటాయి. రూపాయికొక వరహా.

బరువు ఎవరూ రాయలేదు కాబట్టి, నిద్రపోయేవాళ్ళ మనసులే ఆ పని చేసుకున్నాయి.

ఈ సంగతి మొదట కనిపెట్టింది వకుళ. కలలో మనిషి ఏదైనా ఎత్తితే ఇక్కడ పడకమీద అతని మణికట్టు నరాలు సన్నగా కదులుతాయి. ఎక్కడ పడుకున్నా నుదుటి పట్టీ ఆ కదలికను ఆఫీసుకు పంపుతుంది. దాన్ని కొలిచి ఎంత బరువెత్తాడో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఆమెను తూకాల మేడమ్ అనేవాళ్ళు. పరీక్షలన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాకే జరిగేవి. కడుపునిండా అన్నం పెట్టి, చల్లటి గదిలో పడుకోమంటే వద్దనే మనిషి హైదరాబాదులో దొరకడు కదా!

ఒక మధ్యాహ్నం యజమాని రత్నాకర్ స్నేహితుడొకాయన, పెద్ద కాంట్రాక్టరు, లక్ష వరహాలు కొని పడుకున్నాడు. కలలో పెట్టె తెరిచి సంచీ పైకి తీశాడో లేదో, నదిగాలికి అది దూదిలా లేచిపోయింది. ఆయన దాని వెనకాల పరుగెత్తుతుంటే ఇక్కడ దుప్పటి కింద కాళ్ళు తన్నుకున్నాయి. వకుళ తెరమీద బరువు సున్నా. పక్క పడకలో కంపెనీ వ్యాను నడిపే యాదయ్య ఉన్నాడు. అతను కొన్నవి తొమ్మిది వందల వరహాలు. సంచీని అంగుళం ఎత్తి, రొప్పుతూ కూలబడ్డాడు. అతని నరాలు చూపించిన బరువు రెండు బియ్యం బస్తాలు.

అతను లేచి మొహం కడుక్కున్నాక వకుళ అడిగింది. "ఆ తొమ్మిది వందలు ఎక్కడివి యాదయ్యా?"

"డోలక్ అమ్మిన మేడమ్. మా నాయనది. సంతల గుర్రాన్ని చూసినంక మనసాగలే."

వకుళకు విషయం అప్పుడు తెలిసింది. కలలో వరహాల బరువు వాటి లెక్కలో లేదు, కొన్నవాడు ఎంత తెంచుకుని ఇచ్చాడో అందులో ఉంది. కాంట్రాక్టరు లక్ష ఆయనకు తెలియకుండానే చేతిలోంచి జారిన డబ్బు. యాదయ్య తొమ్మిది వందల్లో వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు.

వరహాకు ఇంత బరువని ఒక్క వాక్యం రాస్తే సర్దుకునే పొరపాటది. రత్నాకర్ రాయనివ్వలేదు. "పొరపాటేంటి వకుళ గారూ! లక్ష్మీదేవి ఆటో కట్టించుకుని మన గుమ్మంలో దిగింది," అన్నాడు. పై వారానికల్లా, బరువైన వరహాలు వేస్తే తప్ప తెరుచుకోని తలుపులు కోటకు పెట్టించాడు. మీకు ప్రియమైనది ఇచ్చి చూడండి, అని ఊరంతా బోర్డులు వెలిశాయి. జనం ఇచ్చారు. కాలేజీ స్నేహితుడు కట్టిన వాచీ, చిన్ననాటి సైకిలు, మొగుడు తొలిసారి కొనిచ్చిన కుట్టుమిషను, ఏది అమ్మితే ప్రాణం విలవిల్లాడుతుందో అదే వెతికి అమ్మి వరహాలు కొన్నారు. మేడ్చల్ వైపు ఒకామె దూడతో సహా ఆవును అమ్మి నాలుగో వాకిలి దాటిందట. రత్నాకర్ ఆమెకు శాలువా కప్పాడు.

యాదయ్య మూడు మధ్యాహ్నాలు కష్టపడి సంచీని సంతదాకా ఈడ్చుకెళ్ళి గుర్రం కొన్నాడు. ఆ మర్నాడే వకుళ వ్యానులో వెళుతుంటే తార్నాక దగ్గర పెళ్ళి ఊరేగింపు అడ్డొచ్చింది. డోలక్ మంచి ఊపుమీదుంది. యాదయ్య వేళ్ళు స్టీరింగుమీద ఆడతాయని వకుళ అటు చూసింది. అవి కదల్లేదు.

"ఏం లొల్లి మేడమ్ ఇది. అద్దం ఎక్కియ్యుండ్రి."

"మీ నాయన వాయించేది ఇదే కదా!"

"ఔ. వాయించేటోడు, యాదికున్నది." యాదయ్య తనవైపు అద్దం ఎక్కించాడు. "యాదికున్నది గని మేడమ్, ఏమనిపిస్తలేదు."

ఖర్చయిన వరహా కోటకు చేరుతుంది, దాని బరువు మనిషిని వదిలిపోతుంది. వకుళ ఆ రోజే రత్నాకర్ గదికి వెళ్ళి ఇది చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "యాదయ్య ఏడుస్తున్నాడా?" అని అడిగాడు. లేదంది. "హాయిగా ఉన్నాడుగా మరి," అని నవ్వి ఫోనందుకున్నాడు. వకుళకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, తన ఇంట్లోనే ఒక పట్టీ ఉంది.

ఆ పట్టీని తనే తెచ్చింది, వాళ్ళమ్మ ఆండాళు కోసం. ఆండాళు ముప్పై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే సెంటర్లో మిషను తొక్కి వకుళను చదివించింది. ఆ తొక్కుడుకు మోకాళ్ళు అరిగిపోయాయి. నాచారంలోని రెండు గదుల ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది. కలలో అయినా నడుస్తుందని వకుళ పట్టీ కట్టి పడుకోబెడితే, మొదటిరోజు లేస్తూనే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఆడ మోకాళ్ళే లేవే వకుళా! నడిచిన, నడిచిన, ఇగ నడిచిన!"

అప్పటినుంచి రోజూ అన్నం తిని, పట్టీ కట్టుకుని నది ఒడ్డుకు వెళ్ళిపోయేది. సంతలో ఏమీ కొనేది కాదు. ఊరికే నడిచేది. ఒకరోజు సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది.

"నది అవతల గుట్ట మన నీలగుట్టనే కదనే? మెట్ల పక్కకు తొండం ఇరిగిన రాతి ఏనుగు గుడ ఉన్నది."

"మనదే. ఆఫీసుల గుట్ట బొమ్మ కావాలంటే నా ఫోన్ల ఫొటో ఇచ్చిన. అచ్చం అట్లనే గీసిన్రు."

"అయితే పైన నర్సింహసామి గుడ ఉన్నట్టే."

"ఉన్నడు, హుండీ గుడ ఉన్నది. వరహాలేస్తె మార్కులొస్తయి," అని వకుళ నవ్వింది. ఆండాళు నవ్వలేదు. చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. వకుళ ఫోను చూసుకుంటూ దాన్ని పట్టించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం రెండున్నరకు, ఆఫీసులో వకుళ తెరమీద ఒక గీత పైకి లేచింది. లేచి, తెర అంచు దాటి, ఇక కనిపించలేదు. ఎవరో కలలో ఒక సంచీ ఎత్తారు. యాదయ్యవి రెండు బస్తాలైతే ఇది ఎన్నో చెప్పడానికి యంత్రం దగ్గర అంకె లేదు.

"ఎవరక్కా ఇది? ఇల్లు అమ్మినట్టున్నరు!" అంటూ పక్క కుర్చీలోంచి ఫరీదా వంగి చూసింది. వకుళ పట్టీ నంబరు చూసింది. తన ఇంటిదే. కొన్న వరహాలు నూటపదహారు.

వాళ్ళింట్లో నూటపదహారు రూపాయలంటే ఒకటే. దేవుడి పటం వెనక పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. వకుళకు ఆరేళ్ళప్పుడు మెదడువాపు జ్వరమొచ్చింది. డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. పిల్ల దక్కితే, దాన్ని వెంటబెట్టుకుని, కాలినడకన గుట్టెక్కి, నీ హుండీలో వేస్తానని ఆండాళు ఆసుపత్రి వరండాలో కూర్చుని నూటపదహారు రూపాయలు ముడుపు కట్టింది. పిల్ల దక్కింది. ఆ ఏడు సెంటర్లో సెలవు దొరకలేదు. తర్వాత వకుళ పరీక్షలు, ఇంకో ఏడు ఇంకేదో. చివరికి మోకాళ్ళు పోయాయి. డోలీలో పోదామంటే నడుస్తానని మొక్కానంది. వకుళ, వచ్చే ఏడు చూద్దాం లేమ్మా అనేది, ప్రతి ఏడూ.

ఆ డబ్బుతో ఆండాళు ముప్పై ఏళ్ళలో పావుశేరు పాలు కూడా కొనలేదు. ముడుపు డబ్బు మనది కాదు, స్వామిది. ఇప్పుడేమో ముడి విప్పి, మూలమీది కిరాణా కొట్టులో ఆ పాత నోటూ చిల్లరా ఇచ్చి వరహాలు చేయించుకుంది. నడవగలిగే కాళ్ళు ఆ ఒక్కచోటే ఉన్నాయి, గుట్ట అక్కడా ఉంది, స్వామీ ఉన్నాడు. ఆమె లెక్కలో తప్పేముంది?

కానీ ఆ బరువు హుండీలో పడితే, దానితోపాటు ఏం పోతుందో వకుళకు తెలుసు. ఆ ముడిలో ఉన్నది తనే.

ఫోను తీసి మళ్ళీ పెట్టేసింది. నడుమ లేపితే చేతిలోది నదిపాలవుతుంది, అదీ ఖర్చు కిందే లెక్క. ఉన్నది ఒకటే దారి. లోపలికి వెళ్ళి, సంచీని మళ్ళీ పెట్టెలో పెట్టించాలి. వకుళ ఖాళీ పడక ఎక్కి పట్టీ బిగించుకుంది.

"ఎవర్నీ ముట్టుకోనియ్యకు ఫరీదా, నేనే లేస్తా," అని కళ్ళు మూసుకుంది. నిద్ర రమ్మంటే వస్తుందా? ఫరీదా నుదుటిమీద చెయ్యి వేసి ఏదో సన్నగా పాడింది. ఆ పాట నీళ్ళ చప్పుడులోకి జారిపోయింది.

నది మోకాలి లోతు, గోరువెచ్చగా ఉంది. పసుపు ఎండ నీళ్ళమీద పడి, వకుళ నడుస్తుంటే పాదాల చుట్టూ తిరిగింది. కాంట్రాక్టరు గారి వరహాలు ఇంకా గాలిలోనే ఉన్నాయి, సీతాకోకచిలుకల్లా ఆమె భుజంమీద వాలి లేచిపోతున్నాయి. అవతలి ఒడ్డున మెట్లు మొదలయ్యాయి. పైకి పరుగెత్తాలనుకుంటే కాళ్ళు తేలిపోతాయి, మెట్టు దొరకదు. నడవాల్సిందే. మెట్ల పక్కన కూర్చున్న ఆటగాళ్ళందరూ పైకే చూస్తున్నారు. "ఎవరో ఆమె, అంత చిన్న మూట మోయలేక మోయలేక పోతుంది," అన్నాడొకడు.

పైన, ఇంకో ఇరవై మెట్లుంటే గుడి అనగా, ఆండాళు కనిపించింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నడుము మాత్రం విల్లులా వంగింది. చేతిలో ఉన్నది కోట ఇచ్చిన తోలుసంచీ కాదు, పసుపు గుడ్డ మూట.

"అమ్మా!"

ఆండాళు తిరిగి చూసి మొహమంతా నవ్వింది. "వచ్చినవా! నిన్ను తోల్కొని ఎక్కుతనని మొక్కిన. నువ్వు లేకుంటె చెల్లుతదా లేదా అని ఒకటే రంది. సామే నిన్ను తోలిండు."

ఆపడానికి వచ్చిన తన రాకతోనే మొక్కు పూర్తవుతోందని అర్థమయ్యేసరికి వకుళకు ఏడుపొచ్చింది. తల్లిని మెట్టుమీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. డోలక్ సంగతి చెప్పింది. "అది ఏసినంక నువ్వు లేస్తవు. నేను నీకు పక్కింటి పిల్ల లెక్క ఉంటనమ్మా. మొత్తం యాదికుంటది, ప్రేమ ఉండది."

ఆండాళు వింది. చెంగుతో మెడ తుడుచుకుంది.

"నువ్వు బతికుంటవు గదా?"

"ఉంట. నాకేమైతది?"

"ఇగ చాలు," అని లేవబోయింది.

"ఆగు, జర నేను పట్టుకుంట. ఇటియ్యి," అని వకుళ రెండు చేతులూ చాచి, పాదాలు గట్టిగా ఆనించి నిలబడింది. ఆండాళు మూట ఇచ్చింది.

వకుళ వెనక్కి పడబోయి నిలదొక్కుకుంది. మూటకు బరువే లేదు. తెర అంచు దాటిన బరువు, ముప్పై ఏళ్ళు తనకోసం మోసిన బరువు, తన అరచేతిలో మల్లెపువ్వంత కూడా లేదు. ఇన్నాళ్ళూ అందరి బరువులూ తూచిన మనిషి, సొంత తల్లి మోసేది ఎన్నడూ తూచలేదు. సిగ్గుతో తల వంచుకుంది.

అయినా మూట ఇప్పుడు తన చేతిలో ఉంది. మెట్లు దిగి నది దాటితే పెట్టె. ఆ బరువు లేకుండా తను వెళుతుంటే ఎవరు పట్టుకోగలరు?

"ఉర్కుతవా?" అంది ఆండాళు, పిల్ల మనసు చదివినట్టు.

"ఉర్కుత. నాకు నువ్వు కావాలె."

"నేనేడికి పోత? రేపు గుడ నీకు బువ్వ వండుత."

"వండుతవు. నా కోసం వండవు."

కింద నది మెరుస్తోంది. ఎక్కడో గుర్రం గంట మోగింది.

"వకుళా, నువ్వు తుమ్మితె సామి మొక్కు అడుగుతుండు అనుకుంట. నీ బస్సు పది నిమిషాలు లేటైతె నా పానం గేటుకాడ ఉంటది. ముప్పై ఏండ్లాయె, ఒక్క పొద్దు మనసార నవ్వలే. గా భయం ఎట్లుంటదో నీకెర్క లేదు బిడ్డా. నీ చేతిల ఎంత అల్కగున్నదో చూడు." చెయ్యి చాచింది. "నన్ను దించుకోనియ్యి."

ఆ మూటలో ప్రేమ ఎంత, భయమెంత? విడదీసి తూచే యంత్రం ఏ ఆఫీసులోనూ లేదు. రెండూ ఒకే గుడ్డలో, ఒకే ముడిలో ఉన్నాయి. తనకు కావలసింది ఉంచుకోవాలంటే రెండోదాన్ని ఆమె నెత్తిన ఇంకా ఎన్నేళ్ళు పెట్టాలి? వకుళకు ఆ మూటను గుండెకు హత్తుకుని పారిపోవాలనిపించింది, నిజంగా అనిపించింది. ఒక మెట్టు దిగింది కూడా. ఆండాళు పిలవలేదు, తిట్టలేదు, చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి నిలబడింది.

వకుళ మెట్టెక్కి మూట ఆ చేతిలో పెట్టింది.

ఆండాళు మళ్ళీ వంగిపోయింది. ఇద్దరూ మిగిలిన మెట్లు ఎక్కారు. వకుళ మూట కింద చెయ్యి వేసింది కానీ ఏమీ సాయం కాలేదు. హుండీ ముందు ఆండాళు ఆగి, "ఒక్కసారి నిన్ను చూడనియ్యి," అంది. నుదుటిమీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసింది. జుట్టు సర్దింది. చెవుల వెనక చూసింది, మెడ చూసింది, వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. అన్నీ ఉన్నాయని తృప్తి పడ్డాక మూటను హుండీలోకి వదిలింది.

గుట్టంతా ఒక్కసారి కదిలినట్టయింది. ఆండాళు మెల్లగా నిటారుగా నిలబడింది.

వకుళ ఆటోలో ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆండాళు గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. మోకాళ్ళు ఎప్పటిలాగే వాచి ఉన్నాయి. మొహం మాత్రం వకుళ ఎన్నడూ చూడనిది. కనుబొమల మధ్య ముడత ఉండేదని, అది లేకపోతే తల్లి ఇంత చక్కగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"రా, కూసో. మంచినీళ్ళు తాగుతవా?" అని గ్లాసు పళ్ళెంలో పెట్టి తెచ్చింది, ఇంటికొచ్చిన వాళ్ళకు ఇచ్చినట్టు. వకుళ గ్లాసు అందుకుంది. ఇక ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆండాళుకు ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత కుర్చీ ఒకటి లాక్కుని, కొంచెం దూరంగా కూర్చుంది. "ఊకో. ఏడిస్తె తలనొప్పి లేస్తది. ఏమైందో చెప్పు, వింట," అంది. బస్టాపులో ఏడుస్తున్న పిల్ల కనబడితే ఏ మంచి మనిషైనా అడిగేలాగే అడిగింది.

వకుళ చెప్పింది. ఆరేళ్ళప్పటి జ్వరం, పదకొండు రోజులు ఆసుపత్రి, వరండాలో పిల్ల చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి, చేతిలో మిగిలిన ఆఖరి నూటపదహారు. ఇవన్నీ ఆండాళు ఏళ్ళ తరబడి తనకు చెప్పినవే. ఆండాళు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. వింటూ వింటూ ఆమె కళ్ళు చెమర్చాయి.

"నాకు యాదికున్నది గా వరండా," అంది. "ఎర్కనే, అది నేనే. కని గిప్పుడు తలుచుకుంటె వేరే ఎవలో ఒకామె ఆడ కూసున్నట్టున్నది. ఆమె పక్కకు ఒక్క మనిషి లేకుండె. పాపం, ఎంత భయపడ్డదో! గిప్పుడైతె నేను పోయి ఆమె పక్కకు కూసుంటుంటి."

ఆండాళు కుర్చీని వకుళ దగ్గరికి జరుపుకుంది.

"చెప్పు," అంది. "ఆ పిల్ల ఎట్లుండేది?"